ఎండాకాలం కడపలోనే ఉండిపోతే: మా శని, ఆదివారాల సమీక్ష

ఈ వేసవిలో మేము ఊరు కదలలేదు. మా ఆయనకు సెలవు దొరకలేదు. మా అత్తగారి మోకాళ్లు దూరప్రయాణానికి ఒప్పుకోలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి వచ్చిన మా అమ్మాయి ఫోను పట్టుకుని మిద్దె మీది గదిలో చేరిపోయింది. చుట్టాలు ఒకరి తరువాత ఒకరు హార్సిలీ కొండకనీ ఊటీకనీ బయలుదేరుతుంటే, కడపలో మిగిలిపోయిన మేము ఉగాది మొదలు జూన్ తొలి వారం దాకా వచ్చిన శని, ఆదివారాలను పుస్తకాలకు, గుళ్లకు, నాటకాలకు, ఆటపాటలకు కేటాయించి చూద్దామనుకున్నాము. అలా తిరిగిన వాటిలో రుసుము కట్టి చేరినవి రెండు, ఊరికే పోయి చూసినవి ఏడెనిమిది. రుసుము కట్టిన రెండూ మళ్లీ తొక్కకూడని గడపలని తేలింది. పైసా అడగనివాటిలో ఒకటి రెండు తప్ప అన్నీ వచ్చే ఏడాది కూడా వెళ్లదగినవే. వాటి మంచిచెడ్డలను, మాలాగా ఊళ్లోనే ఉండిపోయేవారికి పనికివస్తాయన్న ఉద్దేశంతో, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఎండ సంగతి చెప్పాలి, ఎందుకంటే కడపలో ఏ కార్యక్రమం బాగోగులైనా దానితోనే ముడిపడి ఉంటాయి. ఏప్రిల్ చివరికల్లా మధ్యాహ్నపు వేడి 42, 43 డిగ్రీలకు చేరుతుంది. మూడు వైపులా కొండలున్న ఊరు, పైగా ఇంటింటా నాపరాయి పరుపు. పగలు తాగిన ఎండను ఆ రాయి రాత్రి పది దాటినా కక్కుతూనే ఉంటుంది. కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు ముగిసేది, సాయంత్రం ఆరు తరువాత మొదలయ్యేది, లేదా గట్టి పైకప్పు కింద జరిగేది అయితేనే బయలుదేరాలని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. ఆ కట్టుబాటును రెండుసార్లు మీరాము. రెండుసార్లూ మా అత్తగారి చేత మాట పడ్డాము.

మొదటిది పిల్లల వేసవి శిక్షణ శిబిరం. దాని పేరు ఇక్కడ అనవసరం. పది ఆదివారాలకు 1,800 రూపాయలు. కోలాటం, చిత్రలేఖనం, శ్లోకపఠనం నేర్పుతామని రంగుల కరపత్రం పంచారు. తీరా చూస్తే పైన రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, కింద నలభైమంది పిల్లలు, సమయం పదకొండు నుంచి ఒంటిగంట. కోలాటం నేర్పవలసిన అమ్మాయి తన ఫోనులో వీడియో పెట్టి, దాన్ని కుర్చీకి ఆనించి, చూసి వేయండని పిల్లలకు చెప్పి పక్కకు వెళ్లిపోయేది. కర్రలు విడిగా 150 రూపాయలకు అమ్మారు. అవి మూడో వారానికే నిలువునా చీలాయి. నాలుగో ఆదివారం నుంచి మా అమ్మాయిని మానిపించాము. మిగిలిన వారాల డబ్బు మాట ఎత్తితే వచ్చే ఏడాదికి సర్దుతామన్నారు. ఇంతకు మించి దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

ఎన్నో ఏళ్లుగా ముందునుంచి పోతూ కూడా లోపలికి అడుగుపెట్టని చోటు ఒకటి ఉంది. ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. బ్రౌన్ అంటే బడి పుస్తకంలో ఒక పాఠంగా చదివి వదిలేసినవాళ్లమే అందరమూ. 1820లో, ఇరవై రెండేళ్లు నిండకుండానే, కలెక్టరుకు సహాయకుడుగా కడపకు వచ్చిన ఆ దొర ఇక్కడే ఒక బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, చెదలు పట్టిపోతున్న తాటాకు ప్రతులను తెప్పించి, ఒక ప్రతిని మరొక ప్రతితో పోల్చి తప్పులు దిద్దించి శుద్ధ ప్రతులు రాయించాడు. జీతం చాలనప్పుడు అప్పులు చేశాడు. వేమన పద్యాలను ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థాలిచ్చే నిఘంటువు వెలువరించాడు. ఆ బంగళా ఉండిన స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగినంత పనిచేసి నిలబెట్టిన గ్రంథాలయం ఇది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది.

శనివారం ఉదయం పదిన్నరకు వెళ్లి, మధ్యాహ్నం దాటేవరకు అక్కడే ఉన్నాము. ఎండ సంగతి మరిచిపోయాము. మా అమ్మాయి మొదట ముఖం ముడుచుకునే వచ్చింది. బ్రౌన్ నిఘంటువు ముందు పెట్టి, నీకు తోచిన మాట వెతుక్కోమన్నాను. అది తిన్నగా 'గడప' దగ్గరికి పోయింది. తిరుమల వెంకన్నకు తొలి గడప కాబట్టి మన ఊరికి ఆ పేరు వచ్చిందని వాళ్ల నాయనమ్మ చెబుతూ ఉంటుంది. అక్కడి నుంచి ఒక మాట ఇంకో మాటకు దారి చూపించింది. కావ్యాల్లోని ప్రయోగాల పక్కనే వాడుకలోని మాటలు, పలుకుబడులు కూడా ఆ దొర చేర్చుకుంటూ పోయాడు. మా ఇంట్లో అత్తగారు అంటూ ఉంటే పల్లెటూరి మాటలని అది నవ్వుకునే పదాలు కొన్ని, గౌరవంగా అచ్చులో, అర్థంతో సహా కనిపించేసరికి, కాగితం అడిగి రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చాక ఆ జాబితా పట్టుకుని నాయనమ్మకు పరీక్ష పెట్టింది. ఇరవై మూడింటిలో ఆమెకు తెలియనివి రెండే.

నేను మాత్రం కైఫియత్తుల దగ్గర ఆగిపోయాను. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దత్తమండలాలను సర్వే చేయిస్తూ, కావలి సోదరుల వంటి సహాయకులను ఊరూరా పంపి, కరణాల దగ్గరా పెద్దల దగ్గరా విని రాయించిన స్థానిక చరిత్రలవి. కడప జిల్లాకు చెందిన కైఫియత్తులను ఈ సంస్థే సంపుటాలుగా అచ్చు వేసింది. మా పుట్టిల్లు పెన్న ఒడ్డున ఒక పల్లె. దానికి పొరుగున ఉన్న ఊరి కైఫియత్తు దొరికింది. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడి కాలంలో ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరు వచ్చి కాపురం పెట్టారు అన్న సంగతులన్నీ, కరణం పక్కన కూర్చుని చెబుతున్నట్టే సాగుతాయి. నా చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువుకు అంత కథ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇది పరిశోధకులకు ఉద్దేశించిన గ్రంథాలయం. పదేళ్లలోపు పిల్లలను తీసుకుపోతే వారికీ విసుగు, పక్కవారికీ ఇబ్బంది. పెద్ద పిల్లలు, ఊరి చరిత్ర మీద మక్కువ ఉన్న పెద్దలు అయితే ఒక పూట చాలదు. ఏ పుస్తకం కావాలో ముందే అనుకుని, రాసుకోవడానికి కాగితం తీసుకుని, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ఫోను చేసి కనుక్కుని వెళ్లాలి. ఈ వేసవిలో చూసినవాటిలో పైకప్పు కింద జరిగేవాటికి పోటీ పెడితే దీనికే నా మొదటి మార్కు.

భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. జైన విగ్రహాలు బయటపడిన దానవులపాడు మన జిల్లాలోనే, జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఉన్నదని తెలిసినవారికి అక్కడి రాతి శిల్పాలు ఆసక్తి కలిగిస్తాయి. తెలియనివారికి గంటలోపే ముగుస్తుంది. చదివి వెళ్లండి.

గుళ్ల విషయానికి వస్తే, మా వేసవి ఉగాది నాడు దేవుని కడపలో మొదలైంది. లక్ష్మీ వేంకటేశ్వరుడి సన్నిధిలో ఆ రోజు ఉదయం ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, పూలు పట్టుకుని వరుసలో నిలబడటం కడపవాళ్లకు కొత్త కాదు. బీబీ నాంచారమ్మను పెళ్లాడిన వెంకన్న తమ ఇంటి అల్లుడని వారి నమ్మకం. పొరుగు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మా కింది వాటా వాళ్లు మాత్రం నోరు తెరిచి చూశారు. తెల్లవారుజామున వెళ్తే గాలి చల్లగా ఉంటుంది. మామూలు శనివారాల్లోనైతే సాయంత్రమే మేలు. అన్నమయ్య, పురందరదాసు పాడిన దేవుడు, కాబట్టి సంగీతం తెలిసినవారు మంటపంలో ఒక మూల కూర్చుని కూనిరాగం తీసినా ఎవరూ వింతగా చూడరు. పెద్ద దర్గాలో ఉరుసు ఈసారి వేసవిలో రాలేదు. అయినా ఎండ తగ్గాక ఒక గంట కూర్చోవడానికి మా అత్తగారు ప్రతి ఏడూ పోయే చోటు అది, ఈ ఏడూ పోయింది.

ఒంటిమిట్ట గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. కోదండరాముడి బ్రహ్మోత్సవాలు శ్రీరామనవమితో మొదలవుతాయి. రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ లాంఛనాలు ఇక్కడికి మారడంతో జనం బాగా పెరిగారు. దేశమంతా పట్టపగలు జరిగే సీతారాముల కల్యాణం ఇక్కడ మాత్రం రాత్రి పూట, పండు వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుడికి ఇచ్చిన మాట కోసమని చెబుతారు. కారణం ఏదైనా కడప ఎండకు ఇంతకంటే దయగల ముహూర్తం లేదు. అయితే ముసలివాళ్లను వెంటబెట్టుకుని కల్యాణం రాత్రే వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. మేము ఆ తాకిడి తగ్గాక వచ్చిన శనివారం సాయంత్రం, తిరుపతి వైపు పోయే బస్సు ఎక్కి వెళ్లాము. పాతిక కిలోమీటర్ల దారి, గంట పట్టలేదు. దర్శనం పావుగంటలో అయింది. ఒకే శిలలో చెక్కిన సీతారామలక్ష్మణులు, ఆ పక్కన హనుమంతుడు లేని గర్భగుడి. అన్నీ విన్నవే అయినా, ముప్పై రెండు స్తంభాల మంటపంలో తీరిగ్గా కూర్చుంటేనే ఆ గుడి తెలుస్తుంది. వీపు ఆనించిన రాతి స్తంభం ఇంకా వెచ్చగానే ఉంది. ఎదుటి స్తంభం మీద బొమ్మలు దీపం పక్కనున్నవి మాత్రమే కనబడుతూ, మిగిలినవి చీకట్లోకి జారిపోతున్నాయి. 1652లో ఈ దారిన వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ గోపురాన్ని మెచ్చుకున్నాడని చెబితే, మా ఆయన అతడు ఏ నెలలో వచ్చాడో చూడమన్నాడు.

అదే టావెర్నియే అదే ఏడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వెళ్లిన కోట గండికోట. మేము కట్టుబాటు మీరిన రెండో సందర్భమూ అదే. కోట తప్పు ఏమీ లేదు. తీసుకుపోయిన వాళ్ల తప్పు. మనిషికి 900 రూపాయలు, తెల్లవారి ఐదున్నరకు బండి, టిఫిను, చూపించి చెప్పే మనిషి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటి దగ్గర దించడం అన్నది వాళ్లు చెప్పిన ఒప్పందం. బండి ఏడుంబావుకు వచ్చింది. ఊరంతా తిరిగి మనుషులను ఎక్కించుకుని, ఒక పెళ్లివారింటి సామాను కూడా వేసుకుని, కడప దాటేసరికి ఎనిమిది నలభై. టిఫిను అంటే దారిలో ఆపిన హోటలు దగ్గర, డబ్బు మనదే. సుమారు ఎనభై కిలోమీటర్లు పోయి కోటలో దిగేసరికి పదకొండు దాటింది. చూపించి చెప్పే మనిషి డ్రైవరు గారి బావమరిది. మాధవరాయల గుడి ముందు నిలబడి 'ఇది గుడి' అన్నాడు, జుమ్మా మసీదు ముందు 'ఇది మసీదు' అన్నాడు, పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయే ఆ లోయ అంచున నిలబడి 'సెల్ఫీలు తీసుకోండి' అన్నాడు. చెప్పుల్లోంచి బండ సెగ పాదాలకు తెలుస్తోంది. అందరమూ చేరి కూర్చున్నది పాత ధాన్యాగారంలో. మందపాటి గోడల మధ్య అదొక్కటే చల్లగా ఉంది. అప్పటి నాయకులు ధాన్యం చెడకుండా కట్టుకున్న కట్టడం మా ప్రాణాలు కాపాడిందని మా ఆయన అంటే, అత్తగారు వెంటనే అందుకున్నారు.

"గింజలకుండే తెలివి నీకు ల్యాకపాయె కదరా. ఈ యాళప్పుడు యాడికైనా పిలచకపోతారా మనుషుల్ని?"

గండికోటకు వేసవిలో వెళ్లవలసిన పద్ధతి వేరు. సొంత బండి మీదనో, నలుగురు కలిసి మాట్లాడుకున్న కారులోనో మధ్యాహ్నం మూడున్నరకు కడపలో బయలుదేరి, జమ్మలమడుగులో నీళ్లు నింపుకుని, ఐదున్నరకు కోటలో దిగాలి. గుడి, మసీదు, ధాన్యాగారం గంటలో చూసి, పొద్దు వాలే సమయానికి లోయ అంచుకు చేరుకోవాలి. పగటి ఎండలో తెల్లగా మొద్దుగా కనిపించే ఆ రాతి గోడలు అప్పుడు ఎర్రబడి, పొరపొరగా విడిపడి కనిపిస్తాయి. రాత్రికి ఉండదలచుకుంటే పర్యాటక సంస్థవారి హరిత హోటలు కోట దగ్గరే ఉంది. శనివారాలకు ముందే గది చెప్పుకోవాలి.

ఇక ఈ వేసవిలో నాకు అన్నిటికంటే నచ్చినది పద్యనాటకం. రాయచోటి దారిలో గువ్వలచెరువు కనుమ దాటాక, రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక పల్లెలో గంగమ్మ జాతర. మా పనిమనిషి అక్కగారి ఊరు. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు, ఎందుకంటే ఇలాంటివాటికి పత్రికలో ప్రకటనలు ఉండవు. ఊరి మొగదల ఒక ఫ్లెక్సీ, అందులో పాత్రధారుల ఫొటోలు, కింద దాతల పేర్లు, అంతే. ఆ ఫ్లెక్సీని తీరిగ్గా చదవడం కూడా ఒక వినోదమే. ఒకటో హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు, కాటి సీను హరిశ్చంద్రుడు అని ముగ్గురు, చంద్రమతులు ఇద్దరు, నక్షత్రకుడు మాత్రం ఒకడే. ఒకే మనిషి తెల్లవార్లూ పద్యం పాడి గొంతు నిలుపుకోలేడు కాబట్టి, ఏ ఘట్టంలో ఎవరు దిట్ట అయితే ఆ ఘట్టానికి వారిని పిలిపిస్తారు. నగరం నుంచి వెళ్లినవారికి ఇది వింతగా తోస్తుంది. మీసమున్న రాజు తెర వెనక్కి పోయి, మీసం లేకుండా బయటికి వస్తాడు. ఊరివారికి ఏ మాత్రం పట్టింపు లేదు. వాళ్లు చూసేది మనిషిని కాదు, వినేది పద్యాన్ని.

రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుందన్న నాటకం పదకొండింబావుకు మొదలైంది. ఈ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను. పొలం పనులు ముగించుకుని, అన్నాలు తిని, పిల్లలను చంకన వేసుకుని, చాపలు పరచుకునేవారి వేళకు అది నడుస్తుంది. మా అత్తగారి మడత కుర్చీని ముందు వరుసలో వేసుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. హార్మోనియం వాయించే పెద్దాయన వేదిక కుడి చివర బల్ల మీద కూర్చున్నాడు. అసలు నాటకాన్ని నడిపేది ఆయనే. నటుడు పద్యం చివరి పాదం మీద రాగం ఎత్తుకుని పైపైకి పోతుంటే, ఎంతవరకు పోనివ్వాలో, ఎక్కడ దించాలో ఆ పెట్టెతోనే చెబుతున్నాడు. ఒకచోట రెండో హరిశ్చంద్రుడు శ్రుతికి కొంచెం కిందుగా అందుకున్నాడు. పెద్దాయన ఆపలేదు, తాను కావలసిన స్వరాన్ని రెండుసార్లు గట్టిగా నొక్కి, తలెత్తి అతడి వైపు చూశాడు. నటుడు కిరీటం సర్దుకుంటున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని, సరైన చోటు నుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. వెనక నుంచి ఎవరో ఒన్స్‌మోర్ అని కేక వేశారు. ఆ కేక మెచ్చుకోలా, వెక్కిరింతా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు కానీ, ఆ మనిషి పద్యమంతా మళ్లీ పాడాడు, రెండోసారి నిజంగానే బాగా పాడాడు.

లోపాలు లేవని కాదు. మైకు గీపెట్టింది. ప్రతి ఘట్టం మధ్యలో నాటకం ఆపి, యాభై రూపాయలు మొదలు ఐదు వేల దాకా చదివింపులు ఇచ్చినవారి పేర్లు తండ్రి పేరుతో సహా చదివారు. రాజ్యం పోయి కాశీకి బయలుదేరిన రాజు ఆ పేర్లన్నీ అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఆడవాళ్లకు మరుగు వసతి ఎవరి ఇంటివారినో అడుక్కోవలసిందే. ఇవన్నీ ముందే తెలిసి వెళ్తే ఇబ్బంది ఉండదు. కాటి సీను వచ్చేసరికి మూడు దాటింది. అప్పటికి పిల్లలంతా చాపల మీద ఎక్కడివారక్కడ నిద్రపోయారు, మా అమ్మాయి మాత్రం మేలుకునే ఉంది. ఆ కథ దానికి తెలియనిది కాదు. కాటి సుంకం అడిగేది భర్తేనని తెలియక చంద్రమతి బిడ్డ శవాన్ని ఒడిలో పెట్టుకుని పద్యం అందుకున్నప్పుడు, చాపల మీదున్న ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకోవడం చూసి, ఇది ఫోను పక్కన పెట్టేసింది.

మన జిల్లావారు ఈ నాటకాలను పాతకాలపు వ్యవహారమని చిన్నచూపు చూడటం నాకు అర్థం కాదు. తెలుగు దేశమంతా పేరు మోగిన సురభి నాటక సమాజాలకు ఆ పేరు కడప జిల్లాలోని సురభి గ్రామం నుంచే వచ్చింది. 1885లో వనారస గోవిందరావు గారి కుటుంబంవారు అక్కడ ఒక పెళ్లిలో కీచక వధ ఆడటంతో మొదలైన సంగతి అది. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టడం తమ ఇంటి నుంచే మొదలుపెట్టిన కుటుంబాలవి. ఆ రాత్రికి మాకైన ఖర్చు, కారు నూనె పోగా, మిరపకాయ బజ్జీలకు, బొరుగులకు, టీలకు నూట ఇరవై రూపాయలు. తిరుగుదారిలో తెల్లవారుజామున గువ్వలచెరువులో కొన్న పాలకోవా లెక్క వేరు.

దీనితో పోల్చడానికి, అదే నెలలో పట్టణంలోని ఒక హాలులో జరిగిన నృత్య ప్రదర్శన గురించి ఒక్క మాట చెబుతాను. పిల్లలు నిజంగా శ్రద్ధగా నేర్చుకున్నారు. కానీ ఆరున్నరకు మొదలుకావలసిన కార్యక్రమంలో ముఖ్య అతిథి రాక, జ్యోతి ప్రజ్వలన, పదకొండుమందికి శాలువాలు, ఉపన్యాసాలు ముగిసేసరికి ఎనిమిదీ ముప్పావు అయింది. ఏసీ మధ్యలోనే ఆగిపోయింది. నాలుగున్నర నుంచి ముఖాన రంగు వేసుకుని కూర్చున్న పసిపిల్లలు చెమటకు ఆ రంగు కారిపోగా వేదిక ఎక్కారు. పల్లెలో నాటకం మధ్యలో పేర్లు చదివితే చిరాకుపడిన నేను, ఆ సాయంత్రం ఆ పల్లెవారికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను; వాళ్లు కనీసం నాటకం మొదలుపెట్టాక చదివారు.

వైశాఖంలో రెండు పెద్ద సందర్భాలు వస్తాయి. శుద్ధ దశమికి బ్రహ్మంగారి మఠంలో వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధన, పౌర్ణమికి రాజంపేట దగ్గరి తాళ్లపాకలో అన్నమయ్య జయంతి. మొదటిదానికి ఈసారి మాకు కుదరలేదు. తాళ్లపాకకు ఎండ తగ్గాక వెళ్లి, సంకీర్తనలు రెండు గంటలు విని వచ్చాము. 1408లో పుట్టిన మనిషి ఊరి నడుమ, ఆయన పాటలను చిన్నపిల్లలు తడుముకోకుండా పాడటం వినదగినదే. సంగీతం మీద ఇష్టం లేనివారికి మాత్రం అంత దూరం అనవసరం.

తిండి గురించి ప్రత్యేకంగా రాయను, అది వేరే సమీక్ష అవుతుంది. రాత్రి పూట తిరిగి వచ్చేటప్పుడు నన్నారి వేసిన నిమ్మసోడా, పొద్దున్నే అయితే తాటిముంజలు. కారం దోసె మాత్రం ఎండ దిగాకే తినాలి. ఇంతే నా సలహా.

చివరగా, మా అమ్మాయి కోలాటం ఏమైందో చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. శిబిరం మానిపించిన రెండు వారాలకు, మా వీధి చివరి రామాలయం ముందు రాత్రి ఏడున్నరకు పదిమంది ఆడవాళ్లు కర్రలు పట్టుకుని తిరుగుతుంటే చూసి, తనంతట తానే పోయి నిలబడింది. నేర్పేది పాలు పోసే ఆమె. రుసుము లేదు, కరపత్రం లేదు. కర్రలు కూడా ఆమే ఇచ్చింది, ఇవి చీలలేదు. కోపు తప్పితే ఆమె చేతి కర్రతో మోచేతి మీద చిన్నగా తట్టి, మళ్లీ మొదటి అడుగు నుంచి వేయిస్తుంది. మామూలు కోపులు నాలుగు వచ్చాక జడకోలాటం మొదలుపెట్టారు. వేపచెట్టు కొమ్మకు కట్టిన రంగుతాళ్లు ఒక్కొక్కరు ఒకటి పట్టుకుని, లోపలికీ బయటికీ దాటుకుంటూ తిరిగితే, పైన జడ అల్లుకుంటూ వస్తుంది. అసలు కష్టమంతా దాన్ని మళ్లీ అదే వరుసలో వెనక్కి తిరుగుతూ విప్పడంలో ఉంది. ఒకరు ఒక అడుగు తప్పినా ముడి పడి, అందరూ ఆగి, నిచ్చెన తెచ్చి విప్పుకోవాలి. మా అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరు తప్పారో ముడి పడకముందే చెబుతున్నారు.

మా ఆయనకు జూన్ రెండో వారంలో సెలవు దొరికింది. ఊటీకి శనివారం బస్సులో నాలుగు సీట్లు ఉన్నాయన్నాడు. ఆదివారం రాత్రి జడ విప్పే ఆట ఉందనీ, తాళ్లు పన్నెండు, మనుషులూ పన్నెండుమందే అనీ మా అమ్మాయి అన్నది. సోమవారం బస్సుకు టికెట్లు తీయించాము.